పెద్దావిడ సిగ్నల్

పంజరం ఖాళీగా ఉంది.

రేవు పక్కన నీళ్లలో వేలాడే వల పంజరం అది. పొద్దున టీమ్ బయల్దేరేటప్పుడు అందులో పెద్దావిడ ఉంది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి లేదు. వల చిరగలేదు, తాడు తెగలేదు. ఎవరో తలుపు విప్పి, చేపని తీసుకుని, మళ్లీ శుభ్రంగా ముడి వేసి వెళ్లారు.

"దొంగతనానికొచ్చినవాడు తలుపేసి వెళ్తాడా మేడమ్?" అన్నాడు పడవ నడిపే ఆయన. చేపల సంరక్షణ కేంద్రంలో అందరూ ఆయన్ని లంగరు అంటారు. కుర్చీలో కూర్చున్నాడంటే లేపడం ఎవరి తరమూ కాదు. ఇప్పుడు మాత్రం రేవు అంచున నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

టీమ్ లీడర్ పంజరం దగ్గరికొచ్చింది. వంగి తాడు ముట్టుకుంది. ఇంకా తడిగానే ఉంది.

పెద్దావిడ రాగిమూపు జాతి చేప. మనిషి చెయ్యంత పొడవు, వీపు మీద రాగి రంగు. ఈ నదిలో ఆ జాతి ఆడచేప ఇంకోటి ఉందని వన్యప్రాణి శాఖ దగ్గర ఆధారం లేదు. ఎన్నో ఏళ్లుగా వెతుకుతున్నారు, దొరకలేదు. వారాంతానికి ఆమె గుడ్లు పండుతాయి. వాటిని హేచరీకి తీసుకెళ్లి, అక్కడ గడ్డకట్టించి దాచిన మగచేపల పాలతో, అంటే వీర్యంతో, కలిపి, పిల్లల్ని చేయించాలి. పిల్లలు పుడితే పై ఏరు రక్షిత ప్రాంతంగా నిలుస్తుంది. పుట్టకపోతే ఇసుక తవ్వే పడవలు పైకొస్తాయి. ఫైలు శాఖ పెద్దాయన బల్ల మీదే ఉంది.

కొత్తవాళ్లొచ్చారా అని లీడర్ అడిగితే గేటు దగ్గర కాపలా ఆయన చేతులు నలుపుకున్నాడు. "కొత్తవాళ్లెవరూ రాలేదు మేడమ్. ఒట్టు."

"షెడ్డులో చేపలు మోసే సంచీ కూడా లేదు," అంటూ వచ్చింది టీమ్‌లో మూడో మనిషి. చేపల కడుపులో పెట్టే రేడియో ట్యాగుల చప్పుళ్లు వినడం ఆవిడ పని. నోరు కూడా ఆగదు కాబట్టి పేరు రేడియో. లీడరూ ఆవిడా ఒకేసారి ఉద్యోగంలో చేరారు, మొహమాటాల్లేవు. "తాళంచెవి ఎక్కడ పెడతామో వాడికి తెలుసు తల్లీ. ఇది ఇంటి దొంగే."

ఇద్దరూ లంగరు వైపు చూశారు.

"నన్ను చూస్తారేంటి? నాకు చేప వాసనంటేనే పడదు. ఇంట్లో అడగండి, మా ఆవిడ నన్ను పెరట్లో స్నానం చేయించి గానీ లోపలికి రానివ్వదు."

లీడర్ జీపు వైపు నడిచింది. "యాంటెన్నా తియ్యి. పెద్దావిడ కడుపులో ట్యాగు ఉంది కదా. ఎక్కడున్నా పలుకుతుంది."

పలికింది. ఊరి వైపు నుంచి, సన్నగా.

రేడియో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు విని, మెల్లగా తీసేసింది. లీడర్ చెయ్యి చాపి హెడ్‌ఫోన్లు తీసుకుంది.

టకటకటకటక.

ఆ చప్పుడు ముగ్గురికీ తెలుసు. చేప ఈదుతుంటే ట్యాగు నెమ్మదిగా పలుకుతుంది. టక్, కాస్త ఆగి, మళ్లీ టక్. గంటసేపు కదలిక లేకపోతే వేగం అందుకుంటుంది. కదలని చేపంటే చచ్చిన చేపే.

"పద," అంది లీడర్.

జీపు ఊళ్లోకి దూకింది. లంగరు నడుపుతున్నాడు. రేడియో కిటికీలోంచి యాంటెన్నా బయట పెట్టి దారి చెబుతోంది. "తిన్నగా. ఇప్పుడు కుడికి. ఆ లారీని దాటు బాబూ, దాని వెనకే కాపురం పెడతావా?"

ముందు ఐసు ఫ్యాక్టరీ వచ్చింది. దొంగ చేపలు అమ్ముడయ్యే చోటది. లీడర్ జీపు ఆగకుండానే దిగబోయింది.

"కాదు," అంది రేడియో. "ఇక్కడ తగ్గుతోంది. ఇంకా ముందుకి."

చేపల బజారు దాటారు. బస్సు స్టాండు దాటారు. చప్పుడు పెరుగుతోంది. బ్యాంకు, లాండ్రీ, బడి గోడ. ఇది లీడర్ రోజూ ఇంటికెళ్లే దారి.

తాడు ముడి గుర్తొచ్చింది. రెండు చుట్లు తిప్పి, కొసని లోపలికి దోపే ముడి. ఒక్క లాగుతో ఊడొస్తుంది, నీటి తాకిడికి మాత్రం ఊడదు. టీమ్‌లో అందరికీ ఆ ముడి నేర్పింది ఒకే మనిషి. గేటు దగ్గర తను అడిగిన ప్రశ్న కూడా తప్పే. కొత్తవాళ్లొచ్చారా అని కాదు అడగాల్సింది.

"ఎడమకి," అంది రేడియో. "తల్లీ, ఇది మీ వీధి."

"తెలుసు. ఆపు."

మూడంతస్తుల మెట్లు లీడర్ పరుగున ఎక్కింది, మిగతా ఇద్దరూ వెనకే. రెండో అంతస్తులోనే వాసన తగిలింది. లవంగ నూనె. పంటి నొప్పికి వాడేదైతే ఇంత ఘాటుగా ఉండదు. చేపకి కోత పెట్టేముందు మత్తు కోసం నీళ్లలో కలిపేది.

ఇంటి తలుపు తెరిచే ఉంది. పగలు తోడుండే నర్సమ్మ ఆ రోజు సెలవు. పక్కింటావిడ చూసుకుంటానంది. పక్కింటి టీవీ మోత మెట్లదాకా వినిపిస్తోంది.

స్నానాల గదిలో ఆమె నాన్న స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. మెడలో కేంద్రం పాత గుర్తింపు కార్డు. తను ఈ టీమ్‌కి లీడర్ కాకముందు లీడర్ ఆయనే, గేటు దగ్గర కొత్తవాడు కాదు. మతిమరుపు ముదిరాక ఉద్యోగం మర్చిపోలేదు, ఉద్యోగం మానేసిన సంగతి మర్చిపోయాడు.

తొట్టిలో పెద్దావిడ ఉంది.

సబ్బుపెట్టె మీద పాత ట్యాగు, చిటికెన వేలంత. ఇంతసేపూ హెడ్‌ఫోన్లలో టకటకమన్నది కదలకుండా పడున్న ఇదే. చేప పొట్ట మీద కొత్త కుట్లు. చిన్నవి, సమానమైనవి. అంత అందమైన కుట్టు టీమ్‌లో ఇప్పుడెవరూ వెయ్యలేరు.

"వచ్చావా," అన్నాడు నాన్న తలెత్తకుండా. "బ్యాటరీ అయిపోవచ్చింది దీనికి. మార్చాలి మార్చాలి అని అన్నం దగ్గర ఎన్నిసార్లు చెప్పాను నీకు? చూద్దాం అంటావు. నువ్వు చూసేలోపు ఇది నదిలో మాయమైపోతుంది. అందుకని నేనే ఆటోలో తెచ్చి మార్చేశాను. కొత్త ట్యాగు పెట్టాను. మత్తు దిగగానే వదిలేద్దాం."

ఆయన చెప్పింది నిజమే. ఆ బ్యాటరీకి ఇదే ఆఖరి కాలం. అన్నం దగ్గర చెప్పిందీ నిజమే.

ఆయన ఒక చేత్తో చేప పొట్ట కింద పట్టుకుని, ఇంకో చేత్తో తోక దగ్గర పట్టుకుని ముందుకీ వెనక్కీ నడిపిస్తున్నాడు. మొప్పల్లోంచి నీళ్లు ఆడటానికి. మత్తులో ఉన్న చేపని అలాగే తేరుకునేలా చెయ్యాలి. ఈ పద్ధతి కూడా ఆమెకి నేర్పింది ఆయనే.

లవంగం వాసన వెనకనుంచి ఇంకో వాసన వచ్చింది. ఊరి కుళాయి నీళ్ల వాసన. క్లోరిన్.

కుళాయి నీళ్లు పడితే ముందు క్లోరిన్‌కి విరుగుడు ఉప్పు కలపాలి, తర్వాతే చేపని దించాలి. కేంద్రంలో చేరిన మొదటి రోజు నేర్పే పాఠం. కోత గుర్తుంది ఆయనకి, కుట్టు గుర్తుంది, మత్తు మోతాదు గుర్తుంది. ఆ చిటికెడు ఉప్పు గుర్తులేదు.

"లంగరూ, జీపులో విరుగుడు డబ్బా! పరుగెత్తు!"

ఏ కుర్చీలోంచీ లేవని మనిషి మెట్లన్నీ రెండంగల్లో దిగాడు. లీడర్ మోకాళ్ల మీద కూర్చుని మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి, తెల్లటి జిగురు కమ్మి ఉంది. డబ్బా వచ్చింది. ఉప్పు పడింది. ఆక్సిజన్ గొట్టం నీళ్లలో బుడగలు పోసింది. పెద్దావిడ నోరు ఒకసారి తెరుచుకుంది. చాలాసేపటికి ఇంకోసారి. ఆ తర్వాత తెరుచుకోలేదు.

నాన్న చేతులు మాత్రం ఆగలేదు. ముందుకీ, వెనక్కీ.

"బద్ధకిస్తోంది," అన్నాడు. "వయసైపోయింది కదా. తేరుకుంటుంది."

లీడర్ రేడియో వైపు చూసింది. రేడియో గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కళ్లతోనే అడిగింది. గుడ్లు?

చేప చచ్చిన కాసేపటి వరకూ కడుపులో గుడ్లు బతికే ఉండొచ్చు. పూర్తిగా పండలేదు, అయినా ఒక అవకాశం. ఇప్పుడే కొయ్యాలి. గంట తర్వాత కోస్తే వట్టిదే. కొయ్యాలంటే ముందు ఆయన చేతుల్లోంచి తీసుకోవాలి, ఆయన కళ్లముందే కత్తి పెట్టాలి.

"ఆయన్ని కాస్త అవతలి గదికి..." అంది రేడియో.

"రాడు. హేచరీకి ఫోన్ చెయ్యి. పాలు కరిగించమను. లంగరూ, వంటింట్లో స్టీలు గిన్నె తెచ్చి పొడిగా తుడువు. చుక్క తడి ఉండకూడదు."

చెప్పడం పూర్తయింది. ఇక చెయ్యాల్సింది తనే.

"నాన్నా, ఇలా ఇవ్వు."

"ఉండమ్మా, ఇంకా మత్తు దిగలేదు."

"నాన్నా. చచ్చిపోయింది."

ఆయన కూతురి మొహం చూశాడు. తర్వాత చేప కన్ను చూశాడు. చేతులు ఆగాయి. ఆమె చేపని ఆయన ఒళ్లోంచి బిడ్డని తీసుకున్నట్టు తీసుకుంది. తువ్వాలు మీద పడుకోబెట్టి ఒళ్లంతా తుడిచింది. కత్తి పట్టుకుంది. పొట్ట మధ్యకి ఆనించింది.

"పక్కనుంచి," అన్నాడు నాన్న.

ఆమె తలెత్తింది. ఆయన కళ్లు తేటగా ఉన్నాయి. చాలా కాలంగా ఆ కళ్లు ఆమెకి కనపడలేదు.

"పొట్ట మధ్యలో కాదు, పక్కనుంచి కొయ్యి. గిన్నె వంచి పట్టు. రక్తం కలవనివ్వకు. నీళ్లు తగలనివ్వకు, తగిలితే గుడ్డు మూసుకుపోతుంది."

అలాగే కోసింది. గుడ్లు గిన్నెలోకి జారాయి. లేత తేనె రంగు. లంగరు గిన్నె మీద తడిలేని గుడ్డ కప్పి, రెండు చేతులా పట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా మెట్లు దిగాడు. రేడియో వెంట వెళ్లింది.

గదిలో తండ్రీ కూతుళ్లు మిగిలారు. ఆయన తొట్టిలో వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కుళాయి నీళ్లా?"

ఆమె విరుగుడు డబ్బా మూత బిగించింది.

"నేనేనా?"

"అవును నాన్నా."

ఆయన తడి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఏడవలేదు. "నేను చాలామందిని తిట్టాను దీనికి," అన్నాడు. "ఉప్పు మర్చిపోయారని."

హేచరీలో గుడ్లు పళ్లేల్లో పరిచారు. బతికిన గుడ్డు తేటగా ఉంటుంది, చచ్చింది సున్నంలా తెల్లబడుతుంది. హేచరీ ఆయన రోజూ పొద్దున్నే తెల్లబడ్డవాటిని చిన్న పట్టకారుతో ఏరి తీసేవాడు. లీడర్ రోజూ వెళ్లి పక్కన నిలబడేది. మొదట పళ్లేనికి గుప్పెడు. తర్వాత దోసెడు. ఆఖరికి ఒక పళ్లెంలో మూలన కొన్ని మిగిలాయి. ఆ మర్నాడు హేచరీ ఆయన పట్టకారు పక్కన పెట్టేసి, "ఇక మీరు రానక్కర్లేదమ్మా," అన్నాడు.

నివేదిక ఆమే రాసింది. పంజరం ఎవరు తెరిచారో రాసింది, ఆయన తనకేమవుతాడో రాసింది. శాఖ పెద్దాయన ఫోన్ చేశాడు.

"చేప రోగంతో పోయిందని రాస్తే సరిపోయేది కదమ్మా. మీ నాన్నగారి కింద పనిచేసినవాణ్ణి, నేనా అడిగేది?"

"ఆయన కింద పనిచేశారు కదా సార్. అలా రాస్తే ఆయన ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవారు కాదు," అన్నాడు పెద్దాయన. ఫైలు మూసేశారు. వాన వెలిశాక ఇసుక పడవలు పై ఏటికి వెళ్లాయి. టీమ్‌కి వేరే చెరువులు అప్పగించారు. లంగరు రేవులో ఖాళీ పంజరాన్ని విప్పి ఎండలో ఆరేశాడు. తలుపు ముడి మాత్రం విప్పలేదు, తాడు కోసేశాడు.

చేప పోయిన మర్నాడే నాన్నకి ఏమీ గుర్తులేదు.

"పెద్దావిడ ఎలా ఉంది?" అని అడిగాడు కాఫీ దగ్గర. ఆమె నిజం చెప్పింది. ఆయన కప్పు కింద పెట్టేశాడు. ఎలా అని అడిగాడు. అది కూడా చెప్పింది. ఆ రోజంతా ఆయన ఆ స్టూలు మీద, ఖాళీ తొట్టి ముందు కూర్చున్నాడు. అన్నానికి కూడా లేవలేదు.

మర్నాడు మళ్లీ అడిగాడు. "పెద్దావిడ ఎలా ఉంది?"

నివేదికలో ఒక్క అబద్ధం రాయని మనిషి ఆ పొద్దున గదిలోకి వెళ్లి, పాత ట్యాగు తీసి చీర కొంగులో ముడేసుకుని వచ్చింది. బల్ల మీద ట్యాగు చప్పుడు వినిపించే రిసీవర్ పెట్టి మీట నొక్కింది. రాత్రంతా కదలక టకటకలాడిన ట్యాగు, ఆమె వంటింట్లో అటూ ఇటూ తిరుగుతుంటే నెమ్మదించింది.

టక్. టక్. టక్.

నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. "ఈదుతోంది," అని కాఫీ తాగాడు.

అప్పటినుంచి రోజూ అదే. ఆయన కాఫీ అయ్యేదాకా ఆమె కూర్చోదు. గిన్నెలు సర్దుతుంది, సర్దినవే మళ్లీ సర్దుతుంది. ఒకరోజు రేడియో ఇంటికొచ్చి గుమ్మంలోంచి అది చూసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఈమధ్య చప్పుడు సన్నబడింది. ఈ పొద్దున నాన్న రిసీవర్ మీదకి వంగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"బ్యాటరీ అయిపోవస్తోందమ్మా. మార్చాలి."

ఆమె వంటింట్లో నడుస్తూనే ఉంది. కొంగు ముడి నడుముకి తగులుతోంది.

"మారుద్దాం నాన్నా," అంది. "ఈసారి నేను మారుస్తాను. నువ్వు కాఫీ తాగు."