నాగదుర్గ కుడి భుజం

పెడన నేతగాళ్ల ఇంటిపిల్ల నాగదుర్గ, జావెలిన్ విసిరి యూనివర్సిటీ పోటీల్లో పతకం తెచ్చింది. ఆమె కుడి భుజం మూడోసారి జారింది మాత్రం మైదానంలో కాదు, హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కుతూ కమ్మీ పట్టుకున్నప్పుడు.

రెండేళ్ల కిందట మొదటిసారి జారినప్పుడు, చిన్న రంధ్రాలు చేసి లోపల చిరిగిన పొరను కుట్టారు. ఎనిమిది నెలలదాకా విసరొద్దన్నారు. ఐదో నెలలోనే పోటీలు వచ్చిపడ్డాయి. డాక్టరుగారు సరేనన్నారని కోచ్ జయకృష్ణకు చెప్పి నాగదుర్గ బరిలో దిగింది. పతకం వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే భుజం మళ్లీ జారింది.

ఇప్పుడు విజయవాడ ఆసుపత్రిలో డాక్టరు స్కాన్ చూపించాడు.

"భుజం ఎముక కూర్చునే గుంత అంచు అరిగిపోయిందమ్మా. మళ్లీ కుట్టినా నిలవదు. పక్కనున్న చిన్న ఎముక ముక్క తీసి ఇక్కడ స్క్రూలతో బిగించాలి. అప్పుడు జారే భయం బాగా తగ్గుతుంది."

"మరి విసరడమండీ?"

"చెయ్యి మునుపటంత వెనక్కి వెళ్లకపోవచ్చు. తిరిగి ఆడినవాళ్లున్నారు. నీకు మాత్రం మాటివ్వలేను."

తల్లి చౌడేశ్వరమ్మ అందుకుంది. "నిద్దట్లో పక్కకి తిరిగినా కెవ్వుమంటోందండీ. ముందు చెయ్యి నిలిచేట్టు చూడండి."

నాగదుర్గ తలూపింది.

ఆపరేషన్ ముందురోజు జయకృష్ణ వచ్చాడు. "తొందరపడి దించాను. తప్పు నాదేనమ్మా."

"కాదు సార్. డాక్టరుగారు వద్దన్నారు. మీకు అబద్ధం చెప్పాను."

"నేనూ డాక్టరు కాగితం చూపించమనలేదుగా. పతకం మీదే ఉంది నా ధ్యాస కూడా," అని లేచి వెళ్లిపోయాడు.

ఆపరేషనై ఏడాది గడిచాక డాక్టరు విసరొచ్చన్నాడు. ఒకప్పుడు నలభై ఆరు మీటర్లు దాటించిన చెయ్యి, ఆ ఉదయం ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఇంకోసారి విసిరింది. ముప్పై. జయకృష్ణ టేపు చుట్టేస్తూ, "నొప్పిగా ఉందా?" అన్నాడు.

"లేదు సార్. గట్టిగానే ఉంది," అంది.

మైదానం అంచున నిలబడి చూస్తున్న చౌడేశ్వరమ్మకు మీటర్ల సంగతి తెలియదు. రెండుసార్లు విసిరినా భుజం జారలేదన్నదే ఆమె చూసింది. పరుగున వచ్చి కూతురి భుజం నిమిరి, "నిలిచిందే తల్లీ!" అంటూ ఏడ్చేసింది. నాగదుర్గ కూడా ఏడ్చింది. ఇద్దరివీ ఒకే కన్నీళ్లని ఆ తల్లి అనుకుంది. కాదని చెప్పడానికి కూతురికి మనసు రాలేదు.