చెన్నూరులో చెడిపోయిన కారు

వద్దు అనే మాట నాకు నోరు తిరగదు. ఎదురుగా కంచం ఉంటే అసలే తిరగదు. ఈ సంగతి నా భార్య మమతారాణికి పెళ్లయిన వారంలోనే తెలిసింది. నాకు మొన్న ఎండాకాలం తెలిసింది.

కరీంనగర్ నుంచి చెన్నూరు దాకా చుట్టాలను పలకరిస్తూ, చూడదగినవి చూస్తూ నింపాదిగా పోయి, సాయంత్రానికి తిరుగుముఖం పట్టాలని నా ఆలోచన. సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పటి నుంచి చుట్టాల మీద నాకు ప్రేమ పెరిగింది. కారును నాలుగు ఇళ్ల ముందు నిలబెట్టకపోతే కొని ఏం లాభం?

చెన్నూరులో మా అమ్మ చెల్లెలు అనసూర్య చిన్నమ్మ ఉంటుంది. బీడీలు చుడుతుంది. చిన్నాయన ఆదిలాబాద్‌లో పత్తి మిల్లు కాపలాదారు, నెలకోసారి వస్తాడు. ఆమె పొద్దున్నే ఫోను చేసింది.

"కోడిని కోసిన నరేశ్. ఎక్కడ తినకుండ్రి. మీరచ్చినంకనే నేను సుత తింట."

"మంచినీళ్లు సుత తాగం చిన్నమ్మా" అన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

పెద్దపల్లిలో అక్క నవీన సర్వపిండి చేసింది. సర్వపిండి భోజనం కిందికి రాదని నాకు నేనే తీర్పు చెప్పుకొని నాలుగు తిన్నాను. మమత మాత్రం చేతులు జోడించి "ఒక్కపొద్దున్న వదినె" అంది. చెన్నూరు కోడికూరతో విడిచే ఆ ఒక్కపొద్దు ఏ దేవుడిదో నేను అడగలేదు.

మంచిర్యాలలో మేనమామ పరశురాములు బగారన్నం, మటన్ వండించాడు. నేను మొదట చేయి అడ్డం పెట్టాను. నిజం, పెట్టాను.

"కారు కొన్నంక మా ఇంట్ల మెతుకు ముట్టవా అల్లుడా?" అన్నాడు మామ.

నింద సంగతేమో గానీ, నాకు అందులో కారు ఒక్కటే వినబడింది. చేయి తీసేశాను. ఒక్క ముద్దతో మొదలై మూలుగ ఎముక దగ్గర ఆగాను. మమత అక్కడా చేతులు జోడించింది.

శివ్వారం దగ్గర మొసళ్లను చూద్దామని గోదావరి ఒడ్డుకు దిగాం. ఆ ఎండకు ఒక్కటీ కనబడలేదు. నేను పొట్ట మీద చేయి వేసుకొని చెట్టు కింద ఒరిగాను.

"ఒకటి కనవడ్డది" అంది మమత, నా వైపే చూస్తూ.

చెన్నూరు చేరేసరికి ఎండ చల్లబడుతోంది. చిన్నమ్మ గడపలో బీడీల చేట ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మమ్మల్ని చూడగానే చేట పక్కన పెట్టి మూడు కంచాలు కడిగింది. జొన్నరొట్టెలు, కోడికూర. నా కడుపులో ఆవగింజకు కూడా చోటు లేదు. తినొచ్చామని చెబితే ఆమె ఒక్క మాట అనదు, మూడో కంచం తీసి పక్కన పెడుతుందంతే. ఆ కంచం తీయడం నేను చూడలేననిపించింది.

"చిన్నమ్మా, కారు చప్పుడు మారింది. పొద్దుగూకకముందే చూడాలె. మీరు తినుండ్రి" అని బయటికి ఉరికి బానెట్ ఎత్తాను.

"నువ్వు తినంది నాకెట్ల దిగుతది" అంటూ ఆమె వెనకే వచ్చి నిలబడింది. చేతికందిన వైరొకటి పీకాను. వంగడంతో పెద్ద తేన్పు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చాను, బాగానే మార్చాననుకున్నాను. గడపలోంచి మమత నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. ఒక్కపొద్దు అబద్ధమే గానీ ఆకలి నిజం.

చిన్నమ్మ పిలిస్తే మూల మీది మెకానిక్ బాబు మియా వచ్చాడు. వేలాడుతున్న వైరును చూశాడు. తర్వాత నా పొట్టను చూశాడు.

"ఎన్ని ఇండ్లల్ల తిన్నరు సాబ్?" అన్నాడు మెల్లగా.

"రెండు."

"పెద్ద పనే ఉన్నది అక్కా" అన్నాడు గట్టిగా. "జర టైం పడ్తది. ఫికర్ చెయ్యకుండ్రి."

చీకటి పడేదాకా గోదావరి ఇసుకలో అటూ ఇటూ నడిచాను. ఆకలి కోసం ఇంత కష్టపడ్డవాడు మా వంశంలో లేడు. తిరిగొచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్లూ తినకుండా కూర్చొని ఉన్నారు. ముగ్గురం ఒకేసారి కంచాల ముందు కూర్చున్నాం. చిన్నమ్మ వడ్డించిందల్లా తిన్నాను.

"నా ఇల్లు తొవ్వల ఆఖరిది బిడ్డా" అంది ఆమె, గిన్నె ఊడ్చి నాకు వేస్తూ. "ఎవలచ్చినా నిండు కడుపుతోనే వస్తరు. కూర మిగలంది ఇయ్యాల్నే."

సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిపోతూనే ఇంకో రొట్టె పెట్టించుకున్నాను.

రాత్రి అక్కడే పడుకున్నాం. పొద్దున బాబు మియా వైరు తగిలించి పోయాడు. బయలుదేరుదామంటే మేకుకు తగిలించిన కారు తాళంచెవి లేదు. మంచం కింద, బియ్యం డబ్బా వెనక, చివరికి బీడీ ఆకుల కట్టల్లో కూడా వెతికాను. చిన్నమ్మ మాత్రం నింపాదిగా పచ్చిపులుసు కలిపి, గుడ్లు ఉడకబెట్టి, "తిన్నంక దొరుకుతది తియ్" అంది. తిన్నాం.

చేతులు కడుక్కున్నాక ఆమె రొంటిన దోపిన తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టింది. అది అల్లం వెల్లుల్లి వాసన వేస్తోంది.

"వైరు పీకుడు నీకొక్కనికే వచ్చా?"

"బాబు మియా చెప్పిండా?" అన్నాను.

"ఆయననెందుకంటవ్. బానెట్ లేపి తేన్చితివి. మా అన్న ఇంటి మటన్ వాసన నాకు తెల్వదా?"

"మరి అప్పుడే ఎందుకనలే చిన్నమ్మా? ఆకలితోని గంతసేపు ఉంటివి."

ఆమె కారు తలుపు తీసి, మామిడికాయ తొక్కు సీసా మమత ఒళ్లో పెట్టి, తలుపు మెల్లగా వేసింది.

"అంటే పోతుంటివి గద" అంది.