పడ్డవాడు వెంటనే ఎక్కాలి

నిచ్చెన జారిన చప్పుడు కంటే రంగు డబ్బా దొర్లిన చప్పుడే ముందు వినిపించింది. రోడ్డుకు అవతల నిలబడ్డ ఆమె తలెత్తి చూసేసరికి భర్త అప్పటికే కింద ఉన్నాడు. కుర్చీల షాపు మెట్టు అంచుకు తల వెనక భాగం తగిలి, కాళ్ళు చాపుకుని, ఎవరో బలవంతంగా కూర్చోబెట్టినట్టు కూర్చుని ఉన్నాడు.

ఆమె బళ్ళు చూసుకోకుండా రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చింది. అప్పటికే మరిది నవ్వుతున్నాడు.

"ఏంటన్నయ్యా, ఇంత తొందరగా దిగావు? మెట్లున్నాయి కదా నిచ్చెనకి!"

మామగారు కూడా నవ్వారు. గోడకు ఆనుకుని కుంచెలు కడుగుతున్నవారల్లా లేచి వచ్చి, కొడుకు చంకలో చెయ్యి వేసి లేపారు. "రక్తం లేదు, బొప్పి కూడా లేదు. దేవుడు కాపాడాడు. లే, ఎక్కు."

అది ఆ ఇంటి కట్టుబాటు. గోడల మీద, షాపుల నెత్తిన అక్షరాలు రాసి బతికే కుటుంబం వాళ్ళది. నిచ్చెన మీంచి పడ్డవాడు భయం లోపలికి దిగకముందే మళ్ళీ ఎక్కాలి. పడ్డవాణ్ణి చూసి చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాలి. అయ్యో అనకూడదు. అసలు 'పడ్డాడు' అన్న మాటే ఆ ఇంట్లో వాడరు, 'దిగాడు' అంటారు. మామగారు వయసులో ఉన్నప్పుడు రెండో అంతస్తు నుంచి 'దిగి', ముక్కు తుడుచుకుని, మళ్ళీ ఎక్కి మిగిలిన అక్షరాలు పూర్తిచేశారట. ఆయన తమ్ముడు మాత్రం ఒకసారి జారి, ఆ రోజుకు ఇంటికి వెళ్ళి పడుకున్నాడు. మర్నాడు నిచ్చెన ముట్టుకుంటే చేతులు వణికాయి. ఆ వణుకు మళ్ళీ పోలేదు. పనితనమంతా చేతుల్లో పెట్టుకుని, నేల మీద రంగులు కలుపుతూనే ఆయన ముసలివాడయ్యాడు. మామగారికి చావు కంటే ఆ వణుకంటేనే భయం.

"మామయ్యా, కాసేపు పడుకోనివ్వండి. తల తగిలింది, నేను చూశాను," అంది ఆమె.

"అందుకే ఎక్కమంటున్నానమ్మాయ్. పడుకుంటే ఇక లేవడు."

"లోపల ఇన్ని మంచాలున్నాయి వదినా," అన్నాడు మరిది. "షాపాయన్ని అడిగి ఒకటి వేయించమంటావా? కొత్తది, ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు."

భర్త ఆమె వైపు చూసి చిన్నగా నవ్వాడు. "ఏం కాలేదులేవే. చెవిలో ఈగ దూరినట్టుంది, అంతే." నిచ్చెన కింద జారిన గోనెపట్టాను మరిది తీసి అవతల పారేశాడు. భర్త కుంచె నోట కరుచుకుని పైకెక్కాడు.

ఆమె మళ్ళీ రోడ్డు దాటింది. ఆమె పని అక్కడే. నిచ్చెన మీద ఉన్నవాడికి ముక్కు ముందున్న అక్షరం తప్ప వరస కనిపించదు. అందుకని ఒకరు ఎదురుగా నిలబడి, కుంచె కర్రను చెయ్యి చాచి అడ్డంగా పట్టుకుని, అక్షరాల తలకట్లు ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూసి చెప్పాలి. కాపురానికొచ్చిన కొత్తలో ఆమెకు ఆ పని అప్పగించారు. కానీ చెప్పవలసిన అవసరం ఒక్కనాడూ రాలేదు. మిగతావాళ్ళు నీలం పొడి అద్దిన దారం గోడకు పట్టి, లాగి వదిలి, ఆ గీత మీద రాస్తారు. అతనికి గీత అక్కర్లేదు. అందుకే ఆ పనివాళ్ళంతా అతన్ని 'దారం' అని పిలుస్తారు. "మా వదినది రోడ్డు కాపలా ఉద్యోగం," అని మరిది ఆటపట్టిస్తుంటాడు.

'అన్ని రకాల కుర్చీలు, బల్లలు' అప్పటికే అయిపోయింది. 'మంచాలు' మిగిలింది. అతను 'మ' మొదలుపెట్టాడు.

ఆమె మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుంది. అలవాటైన దణ్ణమే, కానీ ఈసారి మధ్యలో ఆగిపోయింది. దేవుడు కాపాడాడన్నారు మామయ్య. కాపాడి మన చేతికిచ్చినవాణ్ణి మనం వెంటనే తీసుకెళ్ళి మళ్ళీ అదే నిచ్చెన మీద పెట్టడం ఏమిటి? దేవుడు అందుకే కాపాడాడా? అడగకూడని ప్రశ్నేమోనని లెంపలేసుకోబోయింది. చేతిలో కుంచె కర్ర ఉంది. అలవాటు కొద్దీ దాన్ని చాచి పట్టుకుంది.

'మ' మట్టంలోనే ఉంది. పక్కన సున్న కొంచెం దిగింది. 'చా' ఇంకా దిగింది.

ఆమె కర్ర దించి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. అదే వాలు. నిలబడ్డ చోటు మార్చింది. అయినా అదే.

"ఏవండీ! వరస దిగుతోంది!" అని అరిచింది.

అతను వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాడు. ఆ ఊపులో కుంచె చొక్కాకు తగిలి భుజం మీద ఎర్రటి చార పడింది. అతను చూసుకోలేదు. పెళ్ళినాటి నుంచీ అతని చొక్కా మీద రంగు చుక్క ఎరగదు ఆమె.

పరిగెత్తుకుంటూ వచ్చింది. నిచ్చెన మీంచి అతను కిందికి వంగి, "టీ తాగామా?" అని అడిగాడు.

"ఇందాకే తాగాం కదన్నయ్యా," అన్నాడు మరిది.

"ఓహో." రెండు సార్లు కుంచె ఆడించి, మళ్ళీ వంగాడు. "ఒరేయ్, టీ తాగామా?"

మరిది పగలబడి నవ్వాడు. "చూశావా నాన్నా! రెండో టీ కోసం వేషాలు!"

ఆమెకు నవ్వు రాలేదు. "మామయ్యా, వరస వంకరపోయింది. దించండి. ఆసుపత్రికి తీసుకెళ్దాం."

"వాడి వరసా? వంకరా?" మామగారి మొహం ఎర్రబడింది. "ఎండలో నీ కళ్ళు తిరుగుతున్నాయేమో."

"ఒక్కసారి అవతలికొచ్చి చూడండి."

ఆయన విసుక్కుంటూనే ఆమెతో రోడ్డు దాటారు. నడుం మీద చేతులు పెట్టుకుని తలెత్తి చూశారు. చాలాసేపు చూశారు. "బ్రహ్మాండంగా ఉంది," అన్నారు చివరికి. ఆయన చూపు షాపు తలుపు దగ్గర నిలబడి ఉంది, అక్షరాల మీద లేదు. ఆమెకు అప్పుడు అర్థమైంది. మామయ్యకు అంత దూరం ఆనడం లేదు. ఎన్నాళ్ళ నుంచో ఏమో, ఎవరికీ చెప్పలేదు.

ఆ మాట పైకంటే పెద్దాయన పరువు నడిరోడ్డులో పోతుంది. అనకపోతే... ఆమె నిచ్చెన వైపు చూసింది. అతను గోడకు నుదురు ఆనించి ఉన్నాడు.

"మరిదీ," అని కేక వేసింది, "సంచిలోంచి దారం తీసుకురా. కొట్టి చూద్దాం."

మరిది నవ్వు ఆగిపోయింది. "ఏం మాట్లాడుతున్నావు వదినా? అన్నయ్య రాసిన దాని మీద దారమా?"

"ఆ మాట ఇంకోసారి అనకమ్మాయ్," అన్నారు మామగారు. గొంతు పెంచలేదు. పెంచకపోతేనే ఆయన కోపం అసలు కోపం. "వాడి పని మీద దారం కొడితే వాడి మొహాన ఉమ్మినట్టే."

"నా మొహాన ఉమ్మండి మామయ్యా, నేను తుడుచుకుంటాను. దారం మాత్రం కొట్టనివ్వండి."

ఇన్నేళ్ళలో ఆయనకు ఎదురుచెప్పడం అదే మొదలు. రోడ్డు దాటి తిరిగొచ్చింది. సంచి తనే విప్పి, నీలం దారం ఉండ తీసి, ఒక కొస మరిది చేతిలో పెట్టింది. షాపాయన ఇచ్చిన ఎత్తు బల్ల ఎక్కి వాడు 'అన్ని' పైఅంచు దగ్గర దారం పట్టుకున్నాడు. ఆమె ఇంకో కొస పట్టుకుని, భర్త ఉన్న నిచ్చెనే కింద నుంచి ఎక్కింది. అతని నడుం పక్క నుంచి చెయ్యి చాచి, గోడ పైఅంచుకు సమానంగా మట్టం చూసి బిగబట్టి, దారాన్ని లాగి వదిలింది.

టప్పుమంది. గోడ మీద నీలం గీత పడింది. 'అన్ని' నుంచి 'బల్లలు' వరకూ గీత తలకట్లను తాకుతూ పోయింది. 'మంచాలు' దగ్గరికొచ్చేసరికి అక్షరాలు గీతను వదిలేసి కిందికి జారిపోతూ, చివరి 'లు' జానెడు కింద వేలాడుతోంది.

మామగారు నిచ్చెన అడుక్కొచ్చి నిలబడి ఉన్నారు. అంత దగ్గర నుంచి ఆయనకు కనిపించింది. గీతను చూశారు, 'లు'ను చూశారు. నిచ్చెనను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు.

"ఎవరే నా మీద దారం కొట్టింది?" అన్నాడు అతను. నాలుక మందంగా తిరిగింది. "నేను దిగను. ఇంకా అయిపోలేదు." నిచ్చెన పట్టుకున్న ఎడమ చెయ్యి జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. ఆమె కింద మెట్టు మీద నుంచే తన భుజం అతని నడుముకు అదిమిపెట్టింది.

"దిగు నాన్నా," అన్నారు మామగారు. "అయిపోయింది. బాగా రాశావు. దిగు."

"నిజంగా?"

"నిజం. దిగరా తండ్రీ."

తండ్రి మాట కాబట్టి దిగాడు. ఒక్కో మెట్టూ ఆమె భుజం మీదే దిగాడు. నేల మీద కాలు పెట్టగానే వాంతి చేసుకున్నాడు. షాపాయన ఇక ఏమీ అడగలేదు. సరుకు వేసే వ్యాను తలుపు తీసి, ప్లాస్టిక్ కవరు తియ్యని కొత్త పరుపొకటి లోపల పరిచాడు. మరిది అన్న తలను కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, దారంతా "నవ్వానే... నేను నవ్వానే..." అంటూ కూర్చున్నాడు.

*

ఆసుపత్రిలో డాక్టరమ్మ కనురెప్పలు ఎత్తి చూసింది, ఫొటో తీయించింది. తల లోపల రక్తం కారుతోందని, పైకి కనపడదని, వెంటనే తెరిచి తీసెయ్యాలని చెప్పింది.

"పడ్డాక ఏం చేశాడు? పడుకున్నాడా, నడిచాడా?"

మరిది తల దించుకున్నాడు. ఆమె చెప్పబోయి మామగారి మొహం చూసి ఆగింది.

"ఎక్కించాను," అన్నారాయన.

"ఏమిటి?"

"మళ్ళీ నిచ్చెన ఎక్కించానమ్మా. నేనే. ఎక్కకపోతే భయం పట్టుకుంటుందని."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "తలకు దెబ్బ తగిలితే రక్తం రాకపోయినా కదలనివ్వకూడదు. పని చేయించకూడదు, ఒంటరిగా వదలకూడదు. అడిగింది మళ్ళీ అడిగినా, వాంతి అయినా, తిన్నగా ఇక్కడికి రావాలి," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

బెంచీ మీద మామగారు ఆమె పక్కన కూర్చున్నారు. ఆయన గోళ్ళలో ఎర్రరంగు, ఆమె వేళ్ళకు నీలం పొడి.

"దేవుణ్ణి ఏమని అడుగుతున్నావమ్మాయ్?"

"అడగడానికి నోరు రావడం లేదు మామయ్యా. ఒకసారి ఇచ్చిందాన్ని మళ్ళీ ఇమ్మని ఎలా అడగను?"

ఆయన గోళ్ళలోని రంగు గీకుతూ కూర్చున్నారు. తర్వాత, "నాకు అంత దూరం ఆనడం లేదు," అన్నారు. "నీకు తెలిసిపోయింది కదూ?"

"తెలిసింది."

"అయినా అనలేదు."

"దారం ఉంది కదా, అనడమెందుకని."

మామగారు కండువాతో మొహం కప్పుకున్నారు. ఆమె అటు తిరిగి కూర్చుంది, ఆయన ఏడుపు ఆయనకు వదిలేసి.

*

మర్నాడు పొద్దున ఆమెనూ మామగారినీ లోపలికి పిలిచారు. ఆపరేషన్ అయిన భర్తకు తల నిండా కట్టు. ఎడమ చెయ్యి ఇంకా సరిగ్గా బిగియడం లేదని, ఆ చేతికి బలం ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమని నర్సు చెప్పింది. మాట గురించి కూడా ఇప్పుడే ఏమీ అనలేమంది. నిచ్చెన ఊసు ఎవరూ ఎత్తలేదు.

అతను కళ్ళు తెరిచాడు. తండ్రిని చూశాడు, ఆమెను చూశాడు. పెదాలు తడుపుకున్నాడు.

"టీ తాగామా?"

 అది నిన్నటి ప్రశ్నో, ఇవ్వాళ్టి ప్రశ్నో ఆమెకు తెలియలేదు.

"ఇంకా లేదండీ," అంది అతని చెయ్యి పట్టుకుని. "మిమ్మల్ని తాగనిచ్చే రోజు రానివ్వండి, అందరం కలిసి తాగుదాం."

"సరే," అని కళ్ళు మూసుకున్నాడు.

మామగారు ముందుకు వంగారు. "ఒక్కసారే కదా అడిగింది?" అన్నారు గుసగుసగా.

"ఒక్కసారే."

 అతని పెదాల వైపే చూస్తూ, మళ్ళీ అడుగుతాడేమోనని ఇద్దరూ మంచానికి చెరో పక్కా కూర్చుండిపోయారు.