తడిపిన దిమ్మలు

పొద్దున్నుంచీ మబ్బు కదలకుండా కూర్చుంది. కురవదు, పోదు. దాని కింద నా రోలరు వెళ్లిన చోటల్లా రోడ్డు పరుపులా దిగి, వెనకే లేచింది. కరెంటు ఫ్యాక్టరీ బూడిదలో సున్నం కలిపి నల్లమట్టికి పట్టిస్తే వారానికల్లా రాయిలా బిగుసుకోవాలి. ఇది తొమ్మిదో రోజు. బూడిద లారీలకొద్దీ పోశారు గానీ, సున్నం బస్తాలు నా కళ్లకు ఒక్కరోజే కనబడ్డాయి. రేపు పైన కంకర పరుస్తారు. పరిచాక కింద ఏముందో ఎవడూ చూడబోడు.

కాలితో పెళ్లగిస్తే పిడికెడు పెళ్ల ఊడొచ్చింది. రుమాల్లో మూటగట్టుకుని మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లాను. బావ ఆ పనికి సూపర్‌వైజరు.

పెరట్లో అక్క గోనెల మీద నీళ్లు చల్లుతోంది.

"ఏం నాటావక్కా?"

"నాటితే కాయన్నా కాసేది. మీ బావ పోసిన మట్టి దిమ్మలురా. వారంనుంచీ రెండు పూటలా తడుపుతున్నా. సాయంత్రం పరీక్షకు పంపుతారట."

గోనె ఎత్తాను. ఆరు దిమ్మలు, సున్నం గుప్పించి చేసినవి, తెల్లగా. రోడ్డు మీదనుంచి తీయాల్సిన నమూనా స్నానాలగది పక్కన పుట్టింది. ఒకదాని అంచు రాయితో కొట్టి ముక్క తీసుకున్నాను.

బావ భోజనానికి కూర్చున్నాక రెండు గ్లాసుల నీళ్లు ఆయన ముందు పెట్టాను. ఒకదాంట్లో దిమ్మ ముక్క, రెండోదాంట్లో రోడ్డు పెళ్ల వేశాను.

"అన్నం దగ్గర ఆ రోతేమిట్రా?" అంది అక్క.

"ఇది మీ పెరటి రోడ్డు. అది జనం రోడ్డు."

బావ నవ్వాడు. "రోలరు తోలేవాడివి రోలరు తోలుకోవోయ్. నా ఇంట్లో ల్యాబు పెట్టకు."

"కంకర రెండు రోజులు ఆపు బావా. తవ్వి సున్నం కలుపుదాం. మళ్లీ నేనే తొక్కుతాను."

దిమ్మ ముక్క వేసింది వేసినట్టే ఉంది. పెళ్ల మాత్రం బుడగలొదిలి, అంచులు రాలి, అడుగున బురదై కూర్చుంది.

అక్క వంగి చూసింది. "వారంనుంచీ నేను నీళ్లు పోసింది ఇందుకా?"

బావ ఫోను తీసి, నన్నే చూస్తూ, "రేపు ఏడింటికల్లా కంకర దింపించెయ్," అన్నాడు. బురద గ్లాసును మోచేత్తో పక్కకు నెట్టి అన్నం కలిపాడు.

లేచి పోదామనుకున్నాను. పొద్దున ఆ కంకర తొక్కాల్సింది నేనే. లేవలేదు.

అక్క నాకు వడ్డించి తనూ కూర్చుంది. ఆమె వేళ్ల సందుల్లో సున్నం ఇంకా తెల్లగా ఉంది. ముగ్గురం తల వంచుకుని తిన్నాం. నీళ్లకు ఎవరూ చెయ్యి చాపలేదు.