అచ్చులో పడ్డ ఏడుపు

కళ్యాణి పినపాకలో బస్సు దిగి ఆటో ఎక్కేసరికి పదకొండయింది. ఆమె పోలండ్‌లో ఒక యూనివర్సిటీలో పన్నెండేళ్లుగా తెలుగూ హిందీ చెబుతోంది. క్లాసులో తొమ్మిది మంది చేరితే ఆ ఏడు పండగే. తీరిక దొరికితే కథలు రాస్తుంది. కిందటేడు పుస్తకం వచ్చింది, పేరొచ్చింది, హైదరాబాద్‌లో శాలువా కూడా కప్పారు. ఆ శాలువాతో ఆటోవాడికేం పని. "ఏ తండా మేడం?" అన్నాడు. అడవి అంచున ఉన్న తండా పేరు చెప్పింది. పుట్టింది అక్కడ కాదుగానీ పెరిగింది అక్కడే. తల్లి పోయినప్పుడు ఆరేళ్ల పిల్లను మేనత్త ద్వాలి చంకనేసుకుని తన అత్తగారి తండాకు తెచ్చుకుంది. హాస్టల్లో సీటు దొరికేదాకా కన్నబిడ్డలాగే సాకింది.

ఈసారి కళ్యాణి వచ్చిన పని ఒక్కటే. అత్త తనను పట్టుకుని ఏడవాలి.

బయటివాళ్లకు వింతగా ఉంటుంది గానీ తండాలో అది మర్యాద. చాలా రోజులకు కలిసిన ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్లను పిలుస్తారు, పడ్డ కష్టాలు చెప్పుకుంటారు, కష్టపెట్టినవాళ్లను పేరు పెట్టి మరీ దులుపుతారు. ఆ పేరు గలవాడు పక్కనే మంచం మీద బీడీ కాలుస్తున్నా విననట్టే కూర్చుంటాడు. ఏడుపులో అన్న మాటను ఆ తర్వాత ఎవరూ ఎత్తరు. ఎత్తినవాడిదే తప్పు. కానీ ఎదురుపడి కూడా పట్టుకుని ఏడవలేదంటే మాత్రం, నువ్వు మా మనిషివి కావని చెప్పినట్టే.

ఆరేళ్ల కింద సెలవుల్లో వచ్చినప్పుడు ద్వాలి అరగంట ఏడ్చింది. ఎప్పుడో నలభై ఏళ్ల కింద ఆమె రెండేళ్ల కూతురు జ్వరంతో కాలిపోతుంటే, మొగుడి అన్న లాలు దవాఖానాకు బండి కట్టనన్నాడు. పొద్దున్నే పత్తి ఏరే కూలోళ్లను తీసుకురావాలట, ఎడ్లు అలసిపోతాయట. తెల్లారేసరికి పిల్ల లేదు. "లాలు బావా, నీ ఎడ్లు బతికినయి, నా బిడ్డ బతకలే" అని అత్త రాగం. ఆమె వీపు నిమురుతున్న కళ్యాణి చేతిలో ఫోను ఉంది. అది రికార్డు చేస్తూనే ఉంది.

దొంగతనం చేస్తున్నానని కళ్యాణి అనుకోలేదు. భాష చెప్పే మనిషి కదా, మంచి మాట ఎక్కడ వినిపించినా సంచిలో వేసుకోవడమే అలవాటు. తిరిగి వెళ్లాక ఆ ఏడుపును క్లాసులో వినిపించింది. పిల్లలు తలలు వంచి రాసుకున్నారు. ఒక పిల్ల కళ్లొత్తుకుంటే ఈమెకు లోలోపల సంతోషమేసింది, ఆ మాట దాచడమెందుకు. తర్వాత దాన్నే కథగా రాసింది. పేరు మారిస్తే కథకు ప్రాణం పోతుందని లాలును లాలుగానే ఉంచింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పిల్లలకు సామెత నేర్పే పంతులమ్మే, తన దాకా వచ్చేసరికి మరిచింది.

ఖమ్మంలో కోచింగ్‌కు పోయే లాలు మనవడు ఆ పేజీలు ఫోటో తీసి తండా గ్రూపులో పెట్టాడు. ఎనభై దాటిన లాలు చదివించుకుని విన్నాడు. ఆనాటి నుంచి రచ్చబండ దగ్గర కూర్చోవడం మానేశాడు. వానాకాలంలో పోయాడు. పుస్తకం వల్లే పోయాడని ఎవరూ అనలేదు, వయసు అలాంటిది. కానీ శవం దగ్గర ఏడవడానికి ద్వాలి వస్తే, లాలు కూతురు ఉషారాణి ఆమె చెయ్యి పట్టి పక్కకు జరిపింది. "నీ ఏడుపు అచ్చయింది గదా చిన్నమ్మా, ఇంకేం ఏడుస్తవ్" అంది. ఆ రోజు నుంచి తండాలో ఏ ఆడమనిషీ ద్వాలికి భుజం ఇవ్వలేదు. ఫోన్ చేసి కళ్యాణికి ఈ సంగతి చెప్పింది కూడా ఉషారాణే.

ఆటో ఆగేసరికి ద్వాలి ఇంటి ముందు పట్టా మీద మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. తలెత్తి చూసింది. లేచి లోపలికి వెళ్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. ఆ కుర్చీ టీకాలేసే నర్సమ్మకూ మండలాఫీసు వాళ్లకూ వేసేది.

"కూసో బిడ్డా. అంత దూరం నుంచి వచ్చినవ్."

కళ్యాణి కూర్చోలేదు. వెళ్లి అత్తను చుట్టేసుకుని రాగం అందుకుంది. మాటలన్నీ విమానంలోనే కూర్చుకుంది. అమ్మలేని పిల్లను సాకినదానా, నీ నోటికి నేనే తాళం వేస్తినే అని ఏడ్చింది. అన్నీ నిజమైన కన్నీళ్లే. కానీ ఎదుటి మనిషి తిరిగి రాగం కలిపితేనే అది ఏడుపు. ద్వాలి చేతులు కిందికి వేలాడుతూనే ఉన్నాయి. అవతలి గడపలో ఉషారాణి వచ్చి నిలబడింది, చూస్తోంది, లోపలికి పోలేదు.

"అత్తా, మళ్ల అచ్చేసేటప్పుడు ఆ కథే తీసేస్త. ఆ పేజీలే ఉండయి" అంది కళ్యాణి.

"తీసెయ్, ఉంచు. నీ ఇష్టం."

"నా మీద కోపమా?"

"కోపమేంది. నిన్ను ఎత్తుకున్న చేతులివి." ద్వాలి ఆమెను మెల్లగా విడిపించుకుంది. ఉషారాణి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నా బిడ్డకు ఫోటో లేదు. మొఖం గూడ యాదికి లేదు. ఎవరినన్న పట్టుకొని ఏడిస్తేనే అది నా కాడికి వచ్చేది. బావ పేరు ఎత్తకుండ ఏడుద్దామని చూసిన. చేనుకు పోయి ఒక్కదాన్నే చూసిన. నోరు తెరిస్తే ముందుగాల ఆ పేరే వస్తది. సచ్చిపోయినోణ్ని ఎన్నిసార్లు దోషిని చెయ్యాలె? గందుకే బంద్ జేసిన."

కళ్యాణి వంగి పట్టా మీది మిరపకాయ ఒకటి తీసి తొడిమ తుంచింది.

"బంద్ జేసినంక నా బిడ్డ గూడ వస్తలేదు" అంది ద్వాలి. పట్టా దగ్గరికి వెళ్లి కూర్చుంది. "ఎండెక్కుతుంది, ఆ కుర్సీ నీడకు జరుపుకో."