దేవే అవ్వ ఇప్పచెట్టు

రామనర్సయ్య గొప్ప మాటకారి. సంతలో ఆయన బేరం మొదలుపెడితే అమ్మేవాళ్లే విసిగిపోయి దిగివస్తారు. అలాంటి మనిషికి ఊరి అటవీ సమితి అధ్యక్షుడు కావాలన్న కోరిక పుట్టడంలో వింతేమీ లేదు. తీరా ఎన్నిక జరిగే రోజు పొద్దున్నే ఆయన దేవే అవ్వ ఇప్పచెట్టు కింద వంగి పూలు ఏరుతూ పెళ్లాం బుల్లమ్మకు దొరికిపోవడమే వింత.

ఆ ఊళ్లో ఏ ఇప్పచెట్టు ఎవరిదో పసిపిల్లలకు కూడా తెలుసు. చెట్టు గలవాళ్లు మంచం పట్టినా సరే, రాలిన పూలను ఇంకొకరు ముట్టరు. మోకాళ్ల నొప్పులతో దేవే అవ్వ నాలుగు రోజులుగా అడవికి రావడం లేదు.

"గాలికి మన చెట్టు పూలే ఇటు పడ్డయే," అన్నాడు రామనర్సయ్య, తట్టను వెనక్కి జరుపుతూ.

"గాలేడుంది? ఆకు గూడ కదుల్తలే," అంది బుల్లమ్మ. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం సభలో ఆయన లేచి, తానుండగా పరాయి చెట్టు కింద పువ్వొక్కటీ ఎవరూ ముట్టరని ఉపన్యాసం దంచాడు. జనం మురిసిపోయి చేతులెత్తారు. బుల్లమ్మ చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంది. మొగుడి పరువంటే ఆమెకు ప్రాణమే. కానీ ఆ అబద్ధానికి చెయ్యెత్తడం ఆమె వల్ల కాలేదు.

"ఏంది వదినా, అన్నకు నువ్వే ఎత్తవా?" అన్నాడు పక్కింటి సన్న.

రామనర్సయ్య పెళ్లాం వైపు చూశాడు. ఆమె అప్పటికే ఆయన్ని రెప్పవేయకుండా చూస్తోంది.

"పొద్దుగాల దేవే అవ్వ చెట్టు కింద పూలు ఏరిన," అన్నాడు చివరికి.

లేచిన చేతులు దిగిపోయాయి. ముందు కూర్చున్న దేవే అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నీ ఆడమనిషి చెప్పమన్నదారా?"

"చెప్పమనలే అవ్వా. ఊకె చూసింది."

అవ్వ బోసినోటితో నవ్వింది. "పోయినసారి పెట్టినోడు ఊరంతా మింగిండు. వాణ్ని ఇంట్ల అడిగేటోళ్లే లేకపాయె. వీనికి ఉంది. వీణ్నే పెట్టుండ్రి," అంటూ తనే ముందు చెయ్యెత్తింది.

సభంతా గొల్లున నవ్వింది. చేతులు మళ్లీ లేచాయి. బుల్లమ్మకు కళ్లు చెమ్మగిల్లాయి. కోపం పూర్తిగా పోలేదు గానీ, మొగుడి మీద ఇంత ముద్దు ఆమెకు పెళ్లినాడు కూడా కలగలేదు. తనూ చెయ్యెత్తింది.

"అవ్వకు మోకాళ్లు తగ్గేదాంక ఆ పూలు నువ్వే ఏరి ఇయ్యాలె," అంది గట్టిగా, అందరికీ వినబడేలా.

కొత్త అధ్యక్షుడు బుద్ధిగా తలూపాడు.