రెండు మీటర్ల గొట్టం

ఆగస్టు శనివారాల్లో ఆ దుకాణంలో కాలు పెట్టడానికి చోటుండదు. ముర్తెర్ దీవిలో పడవ ఉన్న ప్రతివాడికీ సరిగ్గా ఆ రోజే ఏదో ఒకటి విరుగుతుంది, తెగుతుంది, లేకపోతే చేతిలోంచి జారి నీళ్లలో పడుతుంది. లంగరు తాళ్లు, రంగు డబ్బాలు, ఇంజను నూనె, లైఫ్ జాకెట్లు అన్నీ ఒకే గదిలో పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. వాటి మధ్య చెమటలు కక్కుతూ జనం.

తిహానా ఆ దుకాణంలో చేరి చాలా ఏళ్లయింది. యజమాని స్రెచ్కోకి మనుషుల్ని చూపుతోనే తూచే అలవాటు. పెద్ద తెరచాప పడవల వాళ్లు లోపలికి అడుగుపెడితే కుర్చీ వేసి కాఫీ తెప్పిస్తాడు. చిన్న పడవల వాళ్లు వరసలో నిలబడాల్సిందే. తిహానాది వేరే పద్ధతి. ఎవరేం అడిగినా ముందు "దేనికి?" అంటుంది. జిగురు అడిగితే ఏ చెక్కకి, నీటికి పైనా కిందా అని ఆరా తీస్తుంది. కొందరికది చిరాకు. ఊళ్లో చేపలు పట్టేవాళ్లకి మాత్రం ఆమె అంటే నమ్మకం. పిల్ల పోలీసులా నిలదీస్తుంది గానీ, ఆమె ఇచ్చిన వస్తువు మార్చుకోవడానికి మళ్లీ రానక్కర్లేదు అనేవారు.

ఆ శనివారం పొద్దున స్రెచ్కో ఒక జర్మన్ జంటకి లంగరు లాగే యంత్రం అమ్మే పనిలో పడ్డాడు. వరస మొత్తం తిహానా మీద పడింది. అప్పుడొచ్చాడు ఒకాయన. నలభై ఏళ్లుంటాయి, భుజాలు ఎండకి కమిలి ఎర్రగా ఉన్నాయి. ఒక చెవికి ఫోను, ఇంకో చేతిలో తాళాల గుత్తి. వరసలో ఉన్న ముసలాయన్ని పక్కకి తోసుకుని ముందుకొచ్చి, ఒక చిన్న రబ్బరు ముక్క కౌంటర్ మీద పడేసి, తాళాలతో టకటకమని కొట్టాడు.

"అమ్మాయ్, ఈ లావు గొట్టం రెండు మీటర్లు. ఆ నల్లది కాదు, దాంతో జనాన్ని దోచేస్తున్నారు. అదిగో, లోపలంతా కనిపించేది, అది చాలు."

"దేనికండీ?" అంది తిహానా.

"మెళ్లో వేసుకోవడానికి. కొయ్యి."

వెనకాల ఇద్దరు నవ్వారు. తిహానాకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకో మాట అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. చుట్టలోంచి రెండు మీటర్లు లాగి, కత్తితో కోసి, బిగించే క్లిప్పులు రెండు పైన పెట్టి చేతిలో పెట్టింది. నీ ఖర్మ అనుకుంది మనసులో. అలా అనుకున్నప్పుడు కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆ మనిషి ఫోనులో మాట్లాడుతూనే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి రద్దీ తగ్గింది. కౌంటర్ తుడుస్తుంటే ఆ రబ్బరు ముక్క చేతికి తగిలింది. లావు చూపించడానికి తెచ్చి వదిలేశాడు. పగుళ్లిచ్చిన నల్ల గొట్టం తుంపు. చెత్తబుట్టలో వేయబోతూ ఎందుకో ముక్కు దగ్గర పెట్టుకుంది.

పెట్రోలు వాసన.

ఆమె చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. తను కోసి ఇచ్చింది మంచినీళ్లకి వాడే గొట్టం. ఎండకి, ఇంజను వేడికి అది మెత్తబడుతుంది, పెట్రోలు తగిలితే పాడవుతుంది. క్లిప్పు కింద జారిందంటే పెట్రోలు పడవ అడుగునే చేరుతుంది. పైన మూత ఉంటుంది, ఆవిరి బయటికి పోదు. ఆ మూత కిందే బ్యాటరీ. తాళం తిప్పితే చిన్న నిప్పురవ్వ చాలు.

ఇది ఊరికే ఊహ కాదు, ఆమెకి బాగా తెలిసిన మాట.

స్రెచ్కో దగ్గరికి వెళ్లి చెప్పింది. అతను జర్మన్ల వైపు నవ్వు మొహం పెట్టుకునే, పెదవుల చివర నుంచి మాట్లాడాడు. అడిగింది ఇచ్చాం, ఇంట్లో ఏం చేసుకుంటాడో మనకెందుకు, మన గొట్టం మీద నీళ్లకి అని రాసే ఉంది అన్నాడు. ఆ మనిషి పేరు తెలుసా, ఫోను నంబరు తెలుసా అని అడిగాడు. తెలియదు. మరింకేం, పోయి కౌంటర్ చూడు అన్నాడు.

ఆమె కౌంటర్ దగ్గరికి వెళ్లింది. ఒకావిడకి సన్నతాడు అమ్మింది. ఇంకొకాయనకి చిల్లర తప్పుగా ఇచ్చింది. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. తలుపు దాకా వెళ్లి రేవు వైపు చూడ్డం, మళ్లీ వెనక్కి రావడం. మూడోసారి తలుపు దాకా వెళ్లినప్పుడు నడుముకున్న ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది.

"ఇప్పుడు వెళ్తే సోమవారం రానక్కర్లేదు," అన్నాడు స్రెచ్కో, గొంతు పెంచకుండానే.

తిహానా గుమ్మం దాటింది.

రేవులో పెట్రోలు పోసే నెవెన్‌కి ఆ మనిషి బాగానే గుర్తున్నాడు. పెట్రోలు పోస్తుంటే సిగరెట్టు ఆర్పమన్నందుకు గొడవపెట్టుకున్నాడట. తెల్ల పడవ, పక్కన నీలం చార, పేరు లాస్తావిత్సా. పెళ్లాం, ఇద్దరు పిల్లలు. పడవని పక్కకి కట్టుకుని ఇంజను దగ్గర ఏదో బిగించుకుని, ఎదురుగా ఉన్న చిన్న దీవుల వైపు పోయారు.

రేవు ఆఫీసుకి ఫోను చేసింది. అక్కడి ఉద్యోగి ఓపిగ్గా విన్నాడు. వెంటనే రేడియోలో చెప్తామన్నాడు, కాపలా పడవ దీవికి అవతలి వైపుందని, అటు పంపుతామని అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికేం లేదు. కానీ సెలవులకొచ్చే చిన్న పడవల వాళ్లు రేడియో పెట్టుకోరని, పెట్టుకున్నా పాటలే పెట్టుకుంటారని ఆమెకి తెలుసు.

ఆ తీరంలో వయసు మళ్లిన పడవవాళ్లందర్నీ బార్బా అనే పిలుస్తారు. బార్బా దూయె తన చెక్క పడవలో, గుడ్డ నీడన, టోపీ మొహం మీద వేసుకుని పడుకున్నాడు. తిహానా సంగతి చెప్పింది. సగం విని, టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. మిగతా సగం కట్లు విప్పుతూ విన్నాడు.

"నా పడవ ఎంత జోరుగా పోతుందో తెలుసు కదా," అన్నాడు. "ఈదుకుంటూ పోయేవాళ్లు మనల్ని దాటిపోతారు."

"ఇంకెవరూ లేరు బార్బా. అందరూ బయటే ఉన్నారు."

పాత డీజిలు ఇంజను దగ్గుకుంటూ బయల్దేరింది. తిహానాకి కూర్చోబుద్ధి కాలేదు. ముందుకొచ్చి నిలబడింది, వెనక్కొచ్చి నిలబడింది, తాడు చుట్టింది, చుట్టిన తాడు విప్పింది. నీళ్ల మీద ఎండ సూదుల్లా కళ్లలో గుచ్చుకుంటోంది. దూరంగా పొగలాంటిదేదో కనిపిస్తే దూయె భుజం తట్టి చూపించింది. అది ఒడ్డున ఎవరో చేపలు కాలుస్తున్న పొగ.

"కూర్చోవే తల్లీ," అన్నాడు దూయె. "నువ్వు నిలబడ్డంత మాత్రాన ఇది పరిగెత్తదు."

"నేను మళ్లీ అడగాల్సింది బార్బా."

"నన్ను కూడా పోయినేడు అయిదుసార్లు అడిగి చంపావు. వాడినెందుకు వదిలేశావు?"

వాడు నవ్వించాడని, అందరూ తనని చూసి నవ్వారని, అందుకని వదిలేశానని చెప్పడానికి నోరు రాలేదు.

దీవి ఒడ్డున మొదటి మలుపులో నీలం చార పడవ కనిపించగానే తిహానా చేతులూపి కేకలు పెట్టింది. పడవలోంచి ఒక కుర్రవాడు, ఒక అమ్మాయి ఒకే తువ్వాలు కోసం పెనుగులాడుతూ లేచారు. ఒంటి మీద ఇంకేం లేదు. దూయె మర్యాదగా ఆకాశం వైపు చూస్తూ, వాతావరణం బాగుందని వాళ్లకి చెప్పి చుక్కాని తిప్పాడు. తిహానా ఆ హడావుడిలోనూ నవ్వేసింది. నవ్విన మరుక్షణం తన మీద తనకే కోపం వచ్చింది.

రెండో మలుపు ఖాళీ. మధ్యాహ్నపు గాలి లేచింది, అలలు నురగ కట్టడం మొదలుపెట్టాయి. ఈ గాలి లేవగానే పిల్లలున్న వాళ్లంతా సర్దుకుని ఇంటిదారి పడతారు. ఇంటిదారి పట్టాలంటే తాళం తిప్పాలి. ఆమె పడవ అంచుని రెండు చేతులతో ముందుకి నెడుతున్నట్టు పట్టుకుంది.

మూడో మలుపులో, పైన్ చెట్లు నీళ్ల మీదికి వంగిన చోట, లాస్తావిత్సా ఉంది. ఆ మనిషి లంగరు పైకి లాగేసి, తాడు చుట్టేస్తున్నాడు. పిల్లలిద్దరూ తువ్వాళ్లు కప్పుకుని వెనక కూర్చున్నారు, సరిగ్గా ఇంజను మూత మీద.

"తాళం తిప్పొద్దండీ!" అని అరిచింది తిహానా. "ఇంజను ముట్టుకోకండి!"

ఆయన తలెత్తి చూసి ఆమెని గుర్తుపట్టాడు. నవ్వాడు.

"చూశావా జ్వోంకా," అన్నాడు భార్యతో, "ఇక్కడి దుకాణాలవాళ్లు సముద్రంలోకి కూడా వెంటపడి అమ్ముతున్నారు."

తిహానా ఒక్క గుక్కలో చెప్పింది. ఆ గొట్టం పెట్రోలుకి పనికిరాదు, ముందు పిల్లల్ని ఆ మూత మీద నుంచి లేపండి, మూత తెరిచి చూడండి. ఆయన పొద్దున్నుంచీ బ్రహ్మాండంగా నడుస్తోందన్నాడు. గాలికి పడవ రాళ్ల వైపు కొట్టుకుపోతోందని, ఇప్పుడు ఉపన్యాసాలు వినే తీరిక లేదంటూ, చేయి తాళం వైపు చాపాడు.

ఆయన కన్నా ముందు జ్వోంకా చేయి వెళ్లింది. తాళం లాగేసి, ఈత బట్టల్లో గుండెల దగ్గర దోపుకుంది.

"పొద్దున్నుంచీ తలనొప్పి అంటున్నాను," అంది. "వాసన వస్తోందంటే సముద్రం వాసన అన్నావు. తెరువు."

ఆయన మూత తెరవలేదు. పిల్లల్ని తల్లి ముందుకి లాక్కుంది. దూయె తాడు విసిరి రెండు పడవల్నీ దగ్గరికి కట్టి, తన ఇంజను ఆపేశాడు. తిహానా అవతలి పడవలోకి దిగి మూత పైకెత్తింది. వాసన మొహం మీద కొట్టింది. అడుగున నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతోంది. గొట్టం వేడికి ఉబ్బి, క్లిప్పు దగ్గర సగం జారి, చుక్కచుక్కగా కారుతోంది.

ఆ మనిషి వంగి చూశాడు. కమిలిన భుజాలు తప్ప మనిషంతా తెల్లగా పాలిపోయాడు. వెనక్కి జరిగి కూర్చుండిపోయాడు. కాసేపటికి భయం కోపంలోకి తిరిగింది.

"నువ్వే కదా అమ్మింది," అన్నాడు. "నాకేం తెలుసు? నువ్వు అడగాల్సింది."

"అడిగాను," అంది తిహానా. "ఒక్కసారే అడిగాను. మీరు నలుగురినీ నవ్వించారని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది."

జ్వోంకా భర్త వైపు చూసింది.

ట్యాంకు మీట మూసి, మూతలన్నీ బార్లా తెరిచి, అడుగున ఉన్నదాన్ని దూయె దగ్గరున్న చేతి పంపుతో డబ్బాలోకి తోడారు. పిల్లల్ని, జ్వోంకాని చెక్క పడవలో కూర్చోబెట్టుకుని లాస్తావిత్సాని వెనక కట్టి లాక్కొచ్చారు. దూయె పిల్లలకి రొట్టె, ఉప్పు చేపలు పెట్టాడు. చిన్నపిల్ల, ఈ పడవ ఎందుకింత మెల్లగా పోతోందని అడిగితే, ఇది ముసలిది, దారిలో కనిపించినవాళ్లందరితో మాట్లాడుకుంటూ పోతుంది అన్నాడు. ఆ మనిషి తన పడవలోనే ఒంటరిగా, పనిలేని చుక్కాని పట్టుకుని కూర్చున్నాడు. రేవు ఆఫీసుకి మనుషులు దొరికారని తిహానా ఫోను చేసింది. అంతా అయిపోయినా ఆమెకి కూర్చోబుద్ధి కాలేదు.

దుకాణం ఇంకా తెరిచే ఉంది. ఆ మనిషి లోపలికి రాగానే, వెనక జ్వోంకాని, పిల్లల్ని చూసి, స్రెచ్కోకి సంగతి అర్థమైంది. వెంటనే కుర్చీ వచ్చింది, కాఫీ వచ్చింది, పిల్లలకి నావికుల టోపీలు వచ్చాయి. మా దుకాణం సేవ అంటే ఇలా ఉంటుందండీ, సముద్రంలోకైనా మనిషిని పంపుతాం అన్నాడు. తిహానా కౌంటర్ వెనక్కి వెళ్లింది. నల్ల గొట్టం రెండు మీటర్లు కోసింది, సరైన క్లిప్పులు ఏరింది, తనే రేవుకి వెళ్లి దగ్గరుండి బిగించింది. ఆ మనిషి దీపం పట్టుకున్నాడు. చివర్లో, ఈ క్లిప్పు ఎంత గట్టిగా బిగించాలి అని అడిగాడు. ఆమె చేయి పట్టించి చూపించింది.

సోమవారం రానక్కర్లేదన్న మాట స్రెచ్కో మళ్లీ ఎత్తలేదు. సోమవారం పొద్దున్నే ఆమె ఆ లోపల కనిపించే గొట్టం చుట్టని కౌంటర్ పక్క నుంచి తీసి లోపలి గదిలో మంచినీళ్ల సామాను దగ్గర పెడుతుంటే, అక్కడ అమ్ముడుపోదని గొణిగాడు. పోకపోతే పోనీ అంది. అతను జర్మన్ల కోసం వేసిన కుర్చీ మడతపెట్టి లోపలికి వెళ్లాడు.

కాసేపటికి లాస్తావిత్సా రేవు దాటింది. జ్వోంకా చేయెత్తింది. ఆ మనిషి ఇటు చూడలేదు, ఎదురుగానే చూస్తూ చాలా నెమ్మదిగా నడుపుతున్నాడు. తిహానా తలుపు దగ్గర నిలబడి ఇంజను చప్పుడు విన్నది. లోపల్నుంచి ఎవరో రంగు డబ్బా కావాలని పిలుస్తున్నారు. వస్తున్నానంది. పడవ కొండమలుపు తిరిగి కనిపించకుండా పోయింది, చప్పుడు కూడా దూరమైపోయింది. అయినా ఇంకాసేపు అక్కడే నిలబడింది.